ఈ పిన్‌కోడ్‌కి డెలివరీ లేదు

2018 డిసెంబర్లో ఒక రాత్రి ఆలూరు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. గ్రూప్-2కి చదువుకుంటోంది అప్పట్లో. పుస్తకాలు ఆన్‌లైన్లో పెట్టబోతే కుదరలేదట.

"డబ్బులు ముందే కట్టాలంటాంది అన్నా. పార్సెల్ వచ్చినాక ఇచ్చేది మన ఊరికి లేదంట. మొన్నటి దాకా ఉండె గదా. నువ్వు చేసేది ఆ కంపెనీలోనే గదా, రోంత కనుక్కో."

కనుక్కోవడానికి ఏం లేదు. ఆ నిబంధన రాసింది నేనే.

నేను బెంగుళూరులో ఒక ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలో ప్రోగ్రామర్ని. మా టీమ్ చేతిలో ఒక పెద్ద పట్టిక ఉండేది. దేశంలోని పందొమ్మిది వేల పైచిలుకు పిన్‌కోడ్లకి ఒక్కో వరుస. ఈ ఊరికి సరుకు పోతుందా, ఎన్ని రోజుల్లో పోతుంది, క్యాష్ ఆన్ డెలివరీ ఇవ్వొచ్చా లేదా. చివరి ప్రశ్నకి జవాబు మనుషులు ఇవ్వరు, లెక్క ఇస్తుంది. పోయిన తొంభై రోజుల్లో ఆ పిన్‌కోడ్‌కి పంపిన పార్సెళ్ళలో నూటికి ముప్పై కంటే ఎక్కువ వెనక్కి తిరిగొస్తే, ఆ ఊరికి క్యాష్ ఆన్ డెలివరీ ఆగిపోతుంది. తిరిగొచ్చిన పార్సెల్‌ని ఈ వ్యాపారంలో 'ఆర్‌టీఓ' అంటారు. మనకి ఆర్‌టీఓ అంటే లైసెన్సులిచ్చే ఆఫీసు. వీళ్ళకి మాత్రం 'రిటర్న్ టు ఆరిజిన్', అంటే బయల్దేరిన చోటికే తిరిగొచ్చిన సరుకు. పోను ఖర్చు, రాను ఖర్చు రెండూ కంపెనీవే. కాబట్టి ఆ నిబంధనలో తప్పేముంది? రాసిన రోజు నాకేమీ కనపడలేదు. ఆ ముప్పై అనే అంకెకి మేనేజర్ నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఆ రాత్రి పట్టిక తెరిచి 518395 అని కొట్టాను. మా ఊరు. ఆ వరుసలో 'సీఓడీ' కింద సున్నా ఉంది.

తర్వాత కొన్నేళ్ళపాటు, ఖాళీ దొరికినప్పుడల్లా ఒకటే ప్రశ్న పట్టుకుని చదువుతూ వచ్చాను. ఆలూరు లాంటి ఊరికి సరుకు ఎలా వచ్చేది? అంతకంటే ముఖ్యంగా, ఎవరి పూచీ మీద వచ్చేది? సప్లై చెయిన్ అనగానే మనకి గిడ్డంగులు, లారీలు, స్కానర్లు గుర్తొస్తాయి. అవన్నీ పైకి కనిపించేవి. సరుకు దారిలో ఆగితే, కొనేవాడు కాదంటే, ఆ నష్టం ఎవరు మోస్తారన్నది మాత్రం పైకి కనపడదు. ఆ ఒప్పందం మీదే మిగతాదంతా నడుస్తుంది.

రైలు రాకముందు

మా వైపు సుగాలీ తండాలు చాలా ఉన్నాయి. మిగతా చోట్ల లంబాడీలు, బంజారాలు అంటారు. రోడ్లు లేని కాలంలో దక్కను మొత్తానికీ సప్లై చెయిన్ వాళ్ళే. వేల ఎద్దుల మీద గోనెలు వేసి, తీరం నుంచి ఉప్పు పైకి, మెట్ట ప్రాంతాల నుంచి ధాన్యం కిందికి మోసేవాళ్ళు. సైన్యాలకి తిండి కూడా వాళ్ళే చేర్చేవాళ్ళు. 1799లో టిప్పు మీదికి శ్రీరంగపట్నం పోయిన ఇంగ్లీషు సైన్యం వెనక కూడా ఈ ఎద్దుల మందలే నడిచాయి. వాళ్ళ వ్యాపారంలో సరుకూ, బండీ, నష్టం భయమూ అన్నీ ఒకరివే. ఎద్దు చస్తే వాళ్ళదే, ధర పడితే వాళ్ళదే.

1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. గుంతకల్లు, ఆదోని ఆ దారిలోవే. ఆలూరికి ఒకవైపు ఆదోని, ఇంకోవైపు గుంతకల్లు, రెండూ ముప్పై చిల్లర కిలోమీటర్లే. అప్పటికి మా ఊరు బళ్ళారి జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. ఎద్దుల మీద నెలలు పట్టే దూరం రోజుల్లోకి వచ్చేసింది. సుగాలీల బతుకుతెరువు మెల్లగా ఎండిపోయింది. తర్వాతి కాలంలో వాళ్ళలో చాలామంది మీద సర్కారు నేరస్థ జాతి అన్న ముద్ర కూడా వేసింది.

రైలొచ్చిన అయిదేళ్ళకి కరువొచ్చింది. 1876లో వానలు పోయాయి. తెలుగు సంవత్సరం ధాత కాబట్టి జనం దాన్ని ధాత కరువు అన్నారు. మా అవ్వ 'ధాత కరువు' అన్న మాట వాడేది, అన్నం పారేస్తే తిట్టడానికి. అది ఏ సంవత్సరమో ఆమెకి తెలీదు. నాకూ తెలీదు, చదివేదాకా.

ఇక్కడ నాకు ఒక ఇంజినీరుకి రావాల్సిన అనుమానమే వచ్చింది. రైలు ఉంది, టెలిగ్రాఫ్ ఉంది. ఒకచోట పంట పోతే ఇంకోచోట నుంచి తెప్పించుకోవచ్చు. అంతకుముందు కరువుల్లో లేని సౌకర్యం. మరి జనం ఎందుకు చచ్చిపోయారు? 1871 జనాభా లెక్కలనీ 1881 లెక్కలనీ పక్కపక్కన పెడితే, బళ్ళారి జిల్లాలో అయిదింట ఒక వంతు, కర్నూలు జిల్లాలో నాలుగింట ఒక వంతు జనం తగ్గిపోయారు. పదేళ్ళలో పెరగాల్సిన లెక్క తలకిందులైంది.

రైలు బాగానే పనిచేసింది. అది ధర ఎక్కడుంటే అక్కడికి ధాన్యం మోసింది. టెలిగ్రాఫ్ కూడా బాగానే పనిచేసింది. ఒక ఊర్లో ధర పెరిగిన సంగతి నిమిషాల్లో అన్ని ఊర్లకీ తెలిసిపోయి, పంట పోని చోట్ల కూడా ధర ఎగబాకింది. ఆ కరువేళల్లోనే ఇండియా నుంచి ఇంగ్లండుకి గోధుమల ఎగుమతి కూడా సాగుతూనే ఉంది. మెట్ట రైతుకీ, కూలికీ ఆ ధర పెట్టి కొనే శక్తి లేదు. కరువుల్లో చాలాసార్లు తిండి లేక కాదు, తిండి మీద హక్కు లేక చచ్చిపోతారని అమర్త్య సేన్ 1981లో రాసింది ఇలాంటి వాటి గురించే. మా పరిభాషలో చెప్పాలంటే, ఆకలి ఉంది కానీ 'డిమాండ్' లేదు. ఏ పట్టికలోనైనా డిమాండ్ అంటే డబ్బున్న ఆకలి మాత్రమే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ధాన్యం స్టేషన్ దాకా వచ్చినా, అక్కడి నుంచి ఊరికి బండి మీద పోవాలి. బండికి ఎద్దులు కావాలి. మేతా నీళ్ళూ లేక ఎద్దులు ముందే చచ్చాయి. స్టేషన్లలో మూటలు, ముప్పై కిలోమీటర్ల అవతల ఆకలి. 'లాస్ట్ మైల్' అనే మాట మా ఆఫీసులో రోజుకి పదిసార్లు వినపడుతుంది. అది మొదటిసారి ప్రాణాల మీదికొచ్చింది మా ఆదోని ప్లాట్‌ఫారం మీదే కావచ్చని ఎవరికీ తెలీదు.

మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ ప్రభుత్వం తనే ధాన్యం కొనబోతే వైస్రాయి లిట్టన్ ఒప్పుకోలేదు. వ్యాపారుల పనిలో సర్కారు తలదూర్చకూడదు అన్నది అప్పటి సిద్ధాంతం. 1877 జనవరిలో ఖర్చు అదుపు చెయ్యడానికి సర్ రిచర్డ్ టెంపుల్‌ని పంపారు. ఈ టెంపులే మూడేళ్ళ ముందు బీహార్ కరువులో బర్మా నుంచి నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం తెప్పించి చావుల్ని దాదాపు ఆపగలిగాడు. దానికి మెచ్చుకోలు రాలేదు, దుబారా చేశాడని తిట్లొచ్చాయి. కాబట్టి మన దగ్గరికి వచ్చేసరికి మారిపోయాడు. రోజంతా రాళ్ళు కొట్టే మగ కూలీకి ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, దాని మీద కాస్త చిల్లర. అది మనిషి బతకడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ వాదించాడు. టెంపుల్ రేటు ఎవరో పెద్దగా తప్పుపట్టలేని లెక్కలాగే మొదలైంది. నా ముప్పై శాతం లాగే.

ఈ రెండు కరువులనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే అర్థమైంది నాకు. సరుకు దానంతటదే డబ్బున్న వైపుకే పోతుంది. డబ్బు లేని వైపుకి పోవాలంటే, ఎంత ఖర్చైనా చేరుస్తామని ఎవరో ఒకరు ముందే పూచీ పడి ఉండాలి. బీహార్లో పడ్డారు, బళ్ళారిలో పడలేదు. ఇంత జరిగాక 1880లో కరువు కమిషన్ రిపోర్టు, దాని వెనక ఫామిన్ కోడ్ వచ్చాయి. అంటే పూచీని కాగితం మీద రాసుకున్నారు.

అర్ధణా పూచీ

విచిత్రం ఏంటంటే, ఆ 1877లోనే, అదే సర్కారు ఇంకో శాఖలో ఇంకో రకం పూచీ పడింది. తపాలా శాఖ వాల్యూ పేయబుల్ పోస్ట్ మొదలుపెట్టింది. మన పెద్దవాళ్ళ భాషలో వీపీపీ.

దానికి ముందు సంగతి కొంచెం చెప్పాలి. 1854లో డల్హౌసీ కాలంలో వచ్చిన తపాలా చట్టం ఒక చిన్న పని చేసింది. ఉత్తరానికి దూరంతో సంబంధం లేకుండా ఒకటే రేటు పెట్టింది. తేలికపాటి ఉత్తరానికి అర్ధణా. పక్క ఊరికైనా అంతే, పెషావర్‌కైనా అంతే. దీన్ని ఇవాళ ఏ కంపెనీలోనైనా ప్రతిపాదించి చూడండి, నవ్వుతారు. దగ్గర ఊరివాడు కట్టే డబ్బులో కొంత దూరపు ఊరివాడి ఖర్చుకి పోతుంది. తెలిసే ఆ పని చేశారు.

వీపీపీ ఆ పట్టాల మీదే నడిచింది. అమ్మేవాడు పార్సెల్ పంపుతాడు, కొనేవాడు పోస్ట్‌మ్యాన్‌కి డబ్బు కట్టి విప్పుకుంటాడు, తపాలా శాఖ ఆ డబ్బుని అమ్మేవాడికి చేరుస్తుంది. ఒకరి మొహం ఒకరికి తెలియని ఇద్దరి మధ్య పోస్టాఫీసు నిలబడింది. క్యాష్ ఆన్ డెలివరీని మా తరం కనిపెట్టిందని మేం చాలాకాలం నమ్మాం!

తెలుగు పుస్తకం ఊర్లోకి వచ్చింది ఎక్కువగా ఈ దారినే. పాత పుస్తకాల అట్ట వెనక 'వి.పి.పి. ద్వారా పంపబడును' అన్న ముక్క మీరూ చూసే ఉంటారు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో ఆంధ్రపత్రికని వారపత్రికగా మొదలుపెట్టింది బొంబాయిలో. చుట్టూ మరాఠీ ఊరు, చదివేవాళ్ళేమో వందల మైళ్ళ అవతల. పోస్టు లేకపోతే ఆ పత్రిక పుట్టేదే కాదు. బొంబాయి నుంచి మద్రాసు పోయే ఆ రైలు మార్గం రాయచూరు, ఆదోని, గుంతకల్లు మీదుగానే పోతుంది. ముప్పై ఏళ్ళ ముందు ధాన్యం మూటలు ఆగిపోయిన పట్టాలవి. తర్వాతి రోజుల్లో ఎమెస్కో వాళ్ళు 'ఇంటింటా సొంత గ్రంథాలయం' అని పెట్టి ఇళ్ళకి పుస్తకాలు పంపితే, వచ్చింది కూడా పోస్టులోనే. ఇవాళ సబ్‌స్క్రిప్షన్ మోడల్ అంటారు దాన్ని.

వీపీపీలోనూ ఆర్‌టీఓ ఉండేది. తెప్పించుకుని కాదనేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. పార్సెల్ తిరిగొస్తే తపాలా ఖర్చు ప్రచురణకర్తకి నష్టం. అయినా ఫలానా ఊరివాళ్ళు ఎక్కువగా తిప్పి పంపుతున్నారు కాబట్టి ఆ ఊరికి వీపీపీ తీసేస్తున్నామని పోస్టాఫీసు అనలేదు. ఒక మనిషి కాదంటే ఆ మనిషి లెక్క అంతవరకే. ఊరు మొత్తాన్నీ అనుమానించే పట్టిక దాని దగ్గర లేదు.

ఆ పట్టికకి పునాది కూడా తపాలా శాఖే వేసిందన్నది వేరే సంగతి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. తయారుచేసిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా అధికారి, సంస్కృత కవి కూడా. ఒకే పేరుతో ఎన్నో ఊర్లు, ఎన్నో భాషల్లో రాసిన చిరునామాలు. వాటిని భాష రాని గుమాస్తా కూడా వేరు చెయ్యగలగాలని ఆ ఆరు అంకెలు. ఆలూరునే తీసుకోండి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి జిల్లా నుంచి ఇటు వచ్చాయి. నిన్నటిదాకా బళ్ళారి జిల్లా అని రాసిన చిరునామా కర్నూలు జిల్లా అయింది. 518 అంటే కర్నూలు వైపు, 395 అంటే మా పోస్టాఫీసు. ఉత్తరం తప్పిపోకుండా చేరాలని పెట్టిన నంబరది. దాన్ని చేర్చాలా వద్దా తేల్చే నంబరుగా మార్చింది మేము.

మహబూబ్‌నగర్ నుంచి మొదటి ఆర్డర్

2007 అక్టోబర్లో బెంగుళూరులో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ పెట్టిన ఫ్లిప్‌కార్ట్‌కి మొదటి ఆర్డర్ వచ్చింది తెలుగు నేల నుంచే. మహబూబ్‌నగర్ యువకుడొకరు జాన్ వుడ్ రాసిన 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ది వరల్డ్' కావాలన్నాడు. వాళ్ళ దగ్గర ఆ పుస్తకం లేదు. గిడ్డంగీ లేదు. బెంగుళూరు పుస్తకాల షాపులు తిరిగి ఒక కాపీ పట్టుకుని పంపారు. మా ఊరి మీదుగా పోయే 167వ నంబర్ జాతీయ రహదారి ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, రాయచూరు దాటి ఆ మహబూబ్‌నగర్‌కే పోతుంది. ఆ పుస్తకం ఏ దారిన పోయిందో గానీ, ఈ కథలో నాకు నచ్చేది షాపుల చుట్టూ తిరగడం. ఆ ఊరి నుంచి ఆర్డర్ తీసుకోవచ్చా అని వాళ్ళు లెక్క వేసుకోలేదు. ఒకటే ఆర్డర్, లెక్కకి అందేంత డేటా లేదు.

2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చాక ఈ వ్యాపారం నగరాలు దాటి బయటికొచ్చింది. కార్డు లేనివాడు, ముందే డబ్బు కట్టడానికి జంకేవాడు కూడా కొన్నాడు. 1877లో పోస్టాఫీసు నిలబడిన చోట కంపెనీ నిలబడింది. తేడా ఒక్కటే. పోస్టాఫీసు పూచీ అందరికీ ఒకటే. కంపెనీ పూచీ పిన్‌కోడ్‌కొకటి, రోజూ రాత్రి మళ్ళీ లెక్కేస్తారు.

కంపెనీని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ప్రైవేటు వ్యాపారం నష్టానికి సరుకు మోయదు, మోయమని అడగలేం. నా బాధ వేరే. ఆ లెక్క ఏం కొలుస్తోందో రాసిన నాకే తెలీదు.

సుగ్గి

చెల్లెలి ఫోన్ తర్వాత 518395 తాలూకు తిరిగొచ్చిన పార్సెళ్ళ కారణాలు బయటికి తీశాను. 'కాదన్నారు' అన్నవి తక్కువే. ఎక్కువ వాటికి ఒకటే కారణం. కస్టమర్ అందుబాటులో లేరు. ఇంటికి తాళం.

తేదీలు చూశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అన్నీ అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ దాకా. మా వైపు వాళ్ళకి వివరించక్కర్లేదు. దసరా దాటితే చేలల్లో పని ఉండదు. ఊర్లకి ఊర్లు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు పత్తి తీయడానికి, తర్వాత మిరప కోతలకి. కొందరు బెంగుళూరు, హైదరాబాదు భవనాల పనికి. ముసలివాళ్ళూ తాళాలూ మిగులుతాయి. ఉగాదికి తిరిగొస్తారు. సుగ్గి అంటే పంటల పండగ కాలం అని అర్థం. మాకు వేరేవాళ్ళ పంట.

ఫోన్ కొనుక్కున్న పిల్లాడు పండక్కి చొక్కా ఆర్డర్ పెట్టుంటాడు. మా ఊరికి పార్సెల్ ఎనిమిది రోజులు. ఈలోపు మేస్త్రీ లారీ వచ్చింది, ఇల్లంతా ఎక్కేసింది. డెలివరీ బాయ్ వచ్చి తాళం ఫొటో తీసుకుని పోయాడు. మా పట్టికకి అర్థమైంది ఒకటే: ఈ ఊరివాళ్ళని నమ్మలేం.

పిన్‌కోడ్ కదలదు, మనుషులు కదులుతారు. ఇది రాసుకుని మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. వలసలున్న ఊర్లకి ఆ నెలలు వేరుగా లెక్కేద్దామన్నాను. ఆయన మంచాయనే. ఓపిగ్గా విన్నారు. "ఇలాంటి పిన్‌కోడ్లు ఎన్ని, వాటి మీద వచ్చే బిజినెస్ ఎంత?" అని అడిగారు. చెప్పాను. "సరే, వచ్చే క్వార్టర్ చూద్దాం" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. 1877లో కూడా అదే అడిగారు.

ఆ క్వార్టర్ రాకముందే ఒక తమాషా జరిగింది. మార్చి చివర్లో పట్టిక చూస్తే 518395 పక్కన సున్నా పోయి ఒకటి వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. క్యాష్ ఆన్ డెలివరీ ఆపేశాక మా ఊరికి అలాంటి పార్సెళ్ళే పోలేదు, తొంభై రోజులు దాటేసరికి పాత లెక్క చెరిగిపోయింది. లెక్క లేకపోతే తెరిచినట్టే అని నేనే రాశాను. ఉగాదికి జనం తిరిగొచ్చేసరికి తలుపు తెరుచుకుంది. మళ్ళీ ఆ డిసెంబర్లో మూసుకుంది. మా ఊరి వలసని ఇంత కచ్చితంగా రాసిపెట్టిన కాగితం ఇంకెక్కడా ఉండదేమో. అది వలస అని మాత్రం ఆ పట్టికకి తెలీదు. తర్వాత రెండేళ్ళకి నేను ఆ ఉద్యోగం మానేశాను. నిబంధన అలాగే ఉందో లేదో తెలీదు.

చెల్లెలి పుస్తకాలు మాత్రం ఆ డిసెంబర్లోనే వచ్చాయి. విజయవాడ ప్రచురణకర్తకి ఫోన్ చేస్తే వీపీపీలో పంపారు. పార్సెల్ వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ లేరు, మా అమ్మని తీసుకుని చెల్లెలు ఆదోని ఆస్పత్రికి పోయింది. పోస్ట్‌మ్యాన్ తాళం చూశాడు. వెనక్కి పంపలేదు.

"మీరు సుగ్గికి పోయేవాళ్ళు కాదు గదమ్మా, యాడికి పోతారు, రాకుండా" అన్నాడట మరుసటి రోజు, పార్సెల్ చేతికిస్తూ.